ఈసా (అ) నేర్పిన ప్రార్థన, నేటి ఆరాధన

(మతసామరస్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేటి క్రైస్తవ ఆరాధన యేసు కోరుకున్న ఆరాధనేనా అన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. ఒక ముస్లింను వేదికనెక్కించి ఈ ప్రశ్న వేస్తే, జవాబు ముందే తెలిసిపోయినట్లు సభలో కొందరు నవ్వుకోవటం సహజం. కాదని ఒక్క మాటలో తేల్చి, చప్పట్ల మధ్య వెళ్ళి కూర్చోవటం నాకు కష్టమేమీ కాదు. అయితే అది న్యాయమనిపించుకోదు. నేను ఆలిమ్‌ను కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి. అక్కడ పెద్దలు నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఫైలు చేతికి వచ్చినప్పుడు పైనున్న తాజా కాగితాన్ని చూసి నోటు రాయకూడదు. అట్టడుగున ఉన్న మొదటి దరఖాస్తు నుంచి చదువుకుంటూ రావాలి. అడిగినవాడు అసలేమి అడిగాడో తెలియకుండా, తరువాతివారు రాసిన రాతలపై తర్కించి ప్రయోజనం లేదు.

ఆ పద్ధతి ప్రకారం మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈసా అలైహిస్సలాం స్వయంగా ఎలా ఆరాధించారు? ఆయన తరువాత ఏమేమి మారాయి? ఆ మార్పులను తూచే హక్కు ఎవరిది? ఈ మూడవ ప్రశ్న మైనారిటీలమైన మన అందరి భవితవ్యానికి సంబంధించినది కనుక దానిని చివరికి ఉంచుతాను.

మొదటి ప్రశ్నకు వద్దాం. ఈసా (అ) మనకు ప్రవక్త. ఆయనను విశ్వసించనివాడు ముస్లిం కాజాలడు. దివ్య ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరాలో ఆయన పలుకులుగా ఒక ప్రకటన ఉంది. తాను జీవించి ఉన్నంతకాలం నమాజునూ జకాత్‌నూ పాటించవలసిందిగా దైవం తనను ఆదేశించినట్లు ఆయన చెబుతారు. ఆరాధన, పేదల హక్కు అనే రెండూ ఆ ఒక్క ప్రకటనలోనే జంటగా వచ్చాయి. ఈ జంటను గుర్తుంచుకోండి.

ఇక క్రైస్తవ సోదరులు ప్రమాణంగా స్వీకరించే సువార్తలను చూద్దాం. ఇంకా చీకటి ఉండగానే లేచి, నిర్జన ప్రదేశానికి వెళ్ళి ఆయన ప్రార్థించేవారని మార్కు సువార్త మొదటి అధ్యాయం తెలుపుతుంది. తహజ్జుద్‌కు లేచే అలవాటు ఉన్నవారికి ఆ వేళ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఒక రాత్రంతా ఆయన కొండపై ప్రార్థనలో గడిపినట్లు లూకా ఆరవ అధ్యాయంలో ఉంది. నలభై దినాలు ఉపవసించినట్లు మత్తయి నాలుగవ అధ్యాయంలో ఉంది. పట్టుబడటానికి ముందు గెత్సేమనే తోటలో ఆయన నేలపై సాగిలపడి ప్రార్థించారని మత్తయి రాస్తే, మోకరించారని లూకా రాశారు. సాగిలపడటమంటే మన సజ్దాకు ఎంత సమీపమో చూడండి. విశ్రాంతి దినాన యూదుల సమాజ మందిరానికి వెళ్ళటం ఆయనకు వాడుకగా ఉండేది. చివరి భోజనమైన తరువాత శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరారు. అందుచేత పాట ఆయనకు పరాయిదని అనటానికి కూడా వీలులేదు.

ఆయన పూజావిధుల గ్రంథమేదీ రాసి ఇవ్వలేదు. శిష్యులకు నేర్పిన ప్రార్థన నిమిషంలోపు ముగిసేంత చిన్నది. దేవుని నామం పవిత్రంగా ఎంచబడాలని, ఆయన చిత్తం నెరవేరాలని, ఆ దినానికి ఆహారం లభించాలని, తాము ఇతరులను క్షమించినట్లే తమకూ క్షమాపణ దొరకాలని అందులో వేడుకోలు. కడపటి భోజనంలో రొట్టె విరిచి ఇచ్చి, తన జ్ఞాపకార్థం అలా చేయమన్నారు. ఇంతకుమించి మందిర నిర్మాణమెలా ఉండాలో, వస్త్రధారణ ఏమిటో, వాద్యాలేవో ఆయన ఆదేశించిన దాఖలా సువార్తలలో కనిపించదు.

విధుల విషయంలో మౌనం వహించిన ఆ మహనీయులు, ఆరాధించేవాడి నడవడి విషయంలో మాత్రం కఠినంగా మాట్లాడారు. మనుషులకు కనబడాలని వీధి మొగలలో నిలిచి ప్రార్థించవద్దని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొమ్మని చెప్పారు. ఉపవాసమున్నప్పుడు ముఖం వేలాడదీసుకొని తిరగక, తలకు నూనె రాసుకొని ముఖం కడుక్కొమ్మన్నారు. బలిపీఠం వద్దకు కానుక తెచ్చినవాడికి, తనపై సోదరునికి ఏదైనా బాధ ఉన్నదని గుర్తుకొస్తే, కానుకను అక్కడే విడిచి ముందుగా సమాధానపడి రమ్మన్నారు. విధవరాండ్ర ఇళ్ళను దిగమింగి, పైకి దీర్ఘప్రార్థనలు చేసేవారిని మార్కు పన్నెండవ అధ్యాయంలో ఖండించారు. ఆ వెంటనే, రెండు చిన్న నాణేలు కానుకపెట్టెలో వేసిన పేద విధవరాలిని అందరికంటె ఎక్కువ ఇచ్చినదానిగా నిలబెట్టారు. యెరూషలేము దేవాలయంలో డబ్బు మార్చేవారి బల్లలను, పావురాలు అమ్మేవారి పీటలను పడదోశారు. తౌరాతు ధర్మం ప్రకారం గొర్రెపిల్లను అర్పించలేని పేదలు పావురాలను అర్పించేవారు. ఆ పేదవాడి అర్పణ కూడా అక్కడ బేరానికి లోబడింది.

వీటినన్నింటినీ కలిపి చూస్తే ఆయన కోరిన ఆరాధనకు మూడు గుర్తులు తేలుతున్నాయి. ఒకటి, ప్రదర్శన లేని చిత్తశుద్ధి. రెండు, తోటివాడితో సయోధ్య. మూడు, పేదవాడికి, పరాయివాడికి సమానమైన చోటు. కొలబద్ద ఇదే. భవనం ఎత్తుగా ఉన్నదా, వాద్యం మ్రోగుతున్నదా అన్నవి ఈ కొలబద్దకు అందని సంగతులు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఆయన తరువాత ఏమేమి మారాయి?

క్రీ.శ. 150 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు తమ ఆదివారపు కూడికను చక్రవర్తికి వివరిస్తూ రాసిన గ్రంథం నేటికీ లభిస్తున్నది. ప్రవక్తల రచనలు, శిష్యుల జ్ఞాపకాలు చదవటం, పెద్ద ఒకరు ప్రబోధించటం, అందరూ లేచి ప్రార్థించటం, రొట్టె, ద్రాక్షరసం పంచుకోవటం, ఉన్నవారు ఇచ్చినది అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి ఖర్చు చేయటం అప్పటి పద్ధతి. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పట్టణపు శిథిలాలలో మూడవ శతాబ్దపు ప్రార్థనా స్థలం బయటపడింది. అది మామూలు నివాసగృహమే. గోడ తీసి రెండు గదులను ఒకటి చేసుకొని అక్కడ కూడేవారు.

నాలుగవ శతాబ్దంలో పరిస్థితి మారింది. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో క్రైస్తవులకు ఆరాధనా స్వేచ్ఛ లభించింది. 321లో ఆదివారం సెలవుదినమైంది. డిసెంబరు 25న యేసు జన్మదినాన్ని రోములో జరిపినట్లు దొరుకుతున్న తొలి ఆధారం 336 నాటిది. 380లో క్రైస్తవం రోమన్ సామ్రాజ్యపు అధికార మతమైంది. రోమన్ల ప్రభుత్వ సభాభవనాల నమూనాలో పెద్ద చర్చిలు లేచాయి. రాజసభల మర్యాదలు కొన్ని ఆరాధనలోకి ప్రవేశించాయి. నిన్నటిదాకా దాక్కొని ప్రార్థించినవారు రాజ్యాధికారం పక్కన నిలిచారు. అధికారం తోడైనప్పుడు ఏ ఆరాధనకైనా వచ్చే ప్రమాదం వారికీ వచ్చింది.

అయితే తరువాత వచ్చినదంతా ద్రోహమేనని తీర్మానించటం తొందరపాటు. మదీనాలో మహాప్రవక్త (స) నిర్మించిన మస్జిద్ పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు దూలాలు, మట్టల కప్పుతో ఉండేది. మినార్లు ఆయన కాలం తరువాతనే వచ్చాయి. నేడు మినార్ లేని మసీదు మనకు వెలితిగా తోస్తుంది. రూపం మారినంత మాత్రాన ప్రాణం పోయినట్లు కాదని మన విషయంలో ఒప్పుకొనే మనం, ఇతరుల విషయంలోనూ ఒప్పుకోవాలి.

మరొక సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. తమ ఆరాధన యేసు కోరినదేనా అన్న ప్రశ్నను క్రైస్తవులు తమను తాము వేసుకున్నంత తీవ్రంగా బయటివారెవరూ వేయలేదు. విగ్రహ చిత్రాలు ఉండవచ్చునా కూడదా అని ఎనిమిది, తొమ్మిది శతాబ్దాలలో తూర్పు క్రైస్తవ సామ్రాజ్యం వంద సంవత్సరాలకు పైగా తనలో తాను పోరాడింది. రోములో సెయింట్ పీటర్స్ చర్చి నిర్మాణ వ్యయం కోసం పాపక్షమాపణ పత్రాలు అమ్ముతున్నప్పుడు, 1517లో మార్టిన్ లూథర్ అనే సన్యాసి ఎదురుతిరిగాడు. క్రిస్మస్ వేడుకలకు బైబిలులో ఆధారం లేదని ఇంగ్లండు పార్లమెంటు 1647లో ఆ పండుగనే నిషేధించింది. క్వేకర్లనే వారు పురోహితుడు, పాట, వాద్యం ఏవీ లేకుండా మౌనంగా కూర్చోవటమే ఆరాధనగా స్వీకరించారు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ, శతాబ్దాల తరబడి లాటిన్‌లో సాగిన పూజను ప్రజల మాతృభాషలలో జరుపుకోవటానికి తలుపులు తెరిచింది.

మన తెలుగునాట కూడా చూడండి. పందొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు తెలుగు కీర్తన బాణీలలో ప్రార్థనాగీతాలు రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే సంపుటం నేటికీ సంఘాలలో వాడుకలో ఉంది. పల్లెల్లోని చర్చిలలో చెప్పులు బయట విడిచి, చాపలపై కూర్చొని, స్త్రీలు తలపై కొంగు కప్పుకొని ప్రార్థించటం మనమంతా చూసినదే. యెరూషలేములో యేసు చూసిన దృశ్యానికి ఇది దూరమో, విదేశీ మిషనరీ తెచ్చిన బల్లలు, బెంచీలు దూరమో మీరే ఆలోచించండి.

మరి ఆయన కొలబద్దకు క్రైస్తవ ఆరాధన నిజంగా తప్పిన చోటేది? నా దృష్టిలో అది మనిషిని మనిషి పక్కన మోకరించనీయని చోటు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి దశకాలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో సెయింట్ జార్జ్ చర్చిలో నల్లజాతి విశ్వాసులు మోకరించి ప్రార్థిస్తుండగా, అది వారికి కేటాయించిన స్థలం కాదని నిర్వాహకులు పట్టి లేపారు. ప్రార్థన ముగిసేదాకా ఆగమని వారు కోరినా వినలేదు. రిచర్డ్ అలెన్, అబ్సలం జోన్స్, వారి సహచరులు లేచి బయటకు నడిచారు. అలెన్ నాయకత్వంలో 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు సంఘం ఒకటి స్వతంత్రంగా ఏర్పడింది. ఆ దినాన ఆ చర్చిలో బైబిలు పఠనం జరిగే ఉంటుంది, పాటలు సాగే ఉంటాయి. విధులకు లోటు లేదు. కానుకను విడిచి ముందు సోదరునితో సమాధానపడమన్న ఆదేశమొక్కటే ఆ గుమ్మం బయట ఆగిపోయింది.

మన దేశంలో ఆ గీత పేరు కులం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు ఈ సమస్య సూటిగా నిలిచింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు చెప్పారు. ఆయన మాదిగల పక్షాన నిలిచారు. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు ఆ ఉద్యమానికి వెన్నెముక అయ్యారు. తీవ్రమైన కరువు వెంటనే, 1878 జూలై 3న ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద ఒకే దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి మతాంతరీకరణపై ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషిని ప్రార్థనలో పక్కన కూర్చోబెట్టుకోవటం యేసు కొలబద్దకు నిలిచే ఆరాధన అని నేను నిస్సంకోచంగా అంటాను.

అదే కొలబద్దకు నిలవని ఉదంతాలు కూడా నా ఉద్యోగ జీవితంలో ఎదురయ్యాయి. ఒక గ్రామానికి క్రైస్తవ శ్మశాన స్థలం కేటాయించే ఫైలు నా బల్లపైకి వచ్చింది. కొన్నాళ్ళకు అదే ఊరి విశ్వాసులలో ఒక వర్గం నుంచి మరొక దరఖాస్తు వచ్చింది. మధ్యలో గోడ కట్టించి తమ సమాధులను వేరుచేయాలని దాని సారాంశం. ఇద్దరిదీ ఒకే బైబిలు, ఒకే ఆదివారం. చనిపోయినవారికి కూడా కులం అడ్డమొచ్చింది. ఆ బాధను క్రైస్తవ దళితులే బిగ్గరగా చెబుతున్నారు. వారు చెప్పినప్పుడు అది సంస్కరణ అవుతుంది. దానిని మనం ఎగతాళికి వాడుకుంటే అది వారి గాయంపై కారం చల్లినట్లు అవుతుంది.

ఇక్కడ మన విశ్వాసాన్ని దాచిపెట్టి మాట్లాడటం కపటమవుతుంది. ఈసా (అ) ఏకదైవాన్ని ఆరాధించారని, తనను ఆరాధించమని కోరలేదని మన దృఢ విశ్వాసం. ఆయన ఎవరికి ప్రార్థించారో ఆ దైవానికే ప్రార్థించాలని మనం అంటాం. ఆయన ద్వారా, ఆయనకు కూడా ప్రార్థించాలని క్రైస్తవులు అంటారు. ఈ భేదం చిన్నది కాదు. చప్పట్లు కొట్టించుకోవటానికి దీనిని పూడ్చివేయలేను. అయితే ఈ భేదాన్ని ఎలా మోయాలో మనకు ఆదర్శం ఉంది. నజ్రాన్ నుంచి క్రైస్తవ ప్రతినిధి వర్గం మదీనాకు వచ్చినప్పుడు ఈసా (అ) విషయంలోనే మహాప్రవక్త (స)తో వారికి తీవ్రమైన వాదం జరిగింది. వారి ప్రార్థన వేళ అయినప్పుడు, వారు మస్జిద్‌లోనే తూర్పు ముఖంగా తమ పద్ధతిలో ప్రార్థించుకోవటానికి ఆయన అనుమతించినట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. వాదంలో అంగీకారం కుదరలేదు. ప్రార్థనకు చోటు మాత్రం లభించింది. నేటి సభలో ఒక్క సంగతి గుర్తుంచుకోదలచినవారు దీనినే గుర్తుంచుకోండి.

ఇప్పుడు కొలబద్దను మనవైపు తిప్పుదాం. నమాజు చేస్తూ దానిని ప్రదర్శనగా మార్చేవారిని, చిన్నపాటి ఉపకారాన్ని కూడా నిరాకరించేవారిని ఖుర్ఆన్‌లోని మాఊన్ సూరా హెచ్చరించింది. విధవరాండ్ర ఇళ్ళను మింగి దీర్ఘప్రార్థనలు చేసేవారిపై ఈసా (అ) పలికిన మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. మీలాద్ ఊరేగింపులో చెవులు చిల్లులు పడే డీజే మోతలు మహాప్రవక్త (స) కోరినవేనా? ఫలానా జమాత్‌వారు మాత్రమే రావాలని కొన్ని మసీదుల గోడలపై కనిపించే బోర్డులు ఎవరి సున్నత్? ఉర్దూ రాదన్న కారణంగా దూదేకుల సోదరుణ్ణి తక్కువగా చూసే చూపు, ఫిలడెల్ఫియాలో మోకరించినవారిని లేపిన చేతికి ఎంత దూరంలో ఉంది? తెలుగు తప్ప మరో భాష రాని పల్లెలో శుక్రవారం ప్రసంగం ఉర్దూలో సాగుతుంటే, తలలు ఊపుతూ కూర్చొని ఏమీ అర్థం కాకుండా లేచిపోయే మన పిల్లల సంగతేమిటి? స్త్రీలకు మసీదులో వుజూ చేసుకోవటానికైనా చోటున్నదా? ఇతరుల ఆరాధనను తూచే ముందు ఈ ప్రశ్నలకు మనం జవాబు చెప్పుకోవాలి.

చివరగా మూడవ ప్రశ్న. తూచే హక్కు ఎవరిది? విశ్వాసులు తమను తాము అడిగితే ఈ ప్రశ్న ఆత్మశుద్ధి. సాటి మతస్థుడు మర్యాదగా అడిగితే సంభాషణ. ప్రభుత్వమో, న్యాయస్థానమో, వీధిలోని గుంపో అడిగితే అదే ప్రశ్న ఆయుధమవుతుంది.

మన రాజ్యాంగం 25, 26 అధికరణాలలో మతస్వేచ్ఛను హామీ ఇచ్చింది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. మతమంటే నమ్మకాలు మాత్రమే కావని, ఆచారాలు కూడా అందులో భాగమేనని, ఏది ఆవశ్యకమన్నది ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలని దాని భావం. కాలక్రమంలో ఆ తేల్చే పనిని న్యాయస్థానాలే చేతికి తీసుకున్నాయి. 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో, మసీదు ఇస్లాం ఆచరణలో ఆవశ్యక భాగం కాదని, నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు ధర్మాసనంలో మెజారిటీ వ్యాఖ్యానించింది. ఆ వాక్యం మన సముదాయాన్ని ఎంత కలచివేసిందో మీకు తెలుసు. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు హిజాబ్ ఇస్లాంలో ఆవశ్యకం కాదన్నది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులు ఇచ్చారు. మన గ్రంథాన్ని మనకు ఇతరులు చదివి వినిపించటం ఎలా ఉంటుందో మనకు అనుభవమే. కనుక మరొకరి గ్రంథాన్ని చేతబట్టుకొని, మీ యేసు ఇది చెప్పలేదు గనుక మీకు ఈ హక్కు లేదని అనేవారి పక్కన మనం నిలబడరాదు.

దీనికి భిన్నమైన దారిని చూపిన తీర్పు కూడా ఒకటుంది. కేరళలో యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. తమ విశ్వాసం అనుమతించదన్నారు. బడి నుంచి వారిని బహిష్కరించారు. క్రైస్తవులలోనే అత్యధికులు ఆ శాఖ నమ్మకాన్ని అంగీకరించరు. ఆ గీతంలో ఏ మతాన్నీ నొప్పించే మాట లేదని హైకోర్టు వారి అర్జీని తోసిపుచ్చింది. 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ న్యాయమూర్తిగా పనిచేసినవారు, ఆ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చారు. ఆ నమ్మకం మనకు సమంజసంగా తోస్తున్నదా అని అడగరాదని, వారు దానిని నిజాయితీతో, మనస్సాక్షితో నమ్ముతున్నారా అని అడగాలని దాని సారాంశం. ముగ్గురు పిల్లల కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం తన అభిప్రాయాన్ని పక్కనపెట్టింది. మైనారిటీకి కావలసిన న్యాయం ఇదే.

హక్కుకు హద్దు లేదని నేను అనటం లేదు. చెన్నైలోని ఒక చర్చి మైకుల మోతపై ఇరుగుపొరుగువారు పెట్టిన కేసులో, ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థించే హక్కు ఎవరికీ లేదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు చర్చికి ఎంత వర్తిస్తుందో మసీదుకు, గుడికి కూడా అంతే వర్తిస్తుంది. పొరుగువాడి నిద్రకు హద్దు గీయటం చట్టం పని. ప్రార్థన లోపలి రూపానికి హద్దు గీయటం చట్టం పని కాదు.

మిత్రులారా, నాలుగు మనవులు చేసి ముగిస్తాను. ఒకటి, మన ప్రాంతంలో ఇంటిలో జరిగే క్రైస్తవ ప్రార్థన కూడికను ఎవరైనా అడ్డగించారని తెలిస్తే, మనలో ఇద్దరు పెద్దలు వెంటనే వెళ్ళి వారి పక్కన కూర్చోవాలి, అవసరమైతే సాక్ష్యం చెప్పాలి. మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు అన్నీ దైవనామస్మరణ జరిగే స్థలాలుగా, రక్షణకు అర్హమైనవిగా హజ్ సూరాలో వరుసగా పేర్కొనబడ్డాయి. చర్చిల పేరు మసీదుల కంటె ముందుంది.

రెండు, శ్మశానాలు, ఖబరస్తాన్‌ల స్థలాల విషయంలో ఉభయులం కలిసి దరఖాస్తులు పెట్టుకుందాం. విడివిడిగా వెళ్ళినప్పుడు రెండు ఫైళ్ళూ రెండు బల్లలపై నిద్రపోతాయి. ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట.

మూడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు నేటికీ బయటే ఉన్నారు. ఆ పరిమితిని తొలగించాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో సిఫారసు చేసింది. ఒక మనిషి ఎవరిని ఎలా ఆరాధిస్తాడన్నది అతని హక్కులకు కొలమానం కారాదన్న సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఈ పోరాటం ఉమ్మడి పోరాటం.

నాలుగు, వచ్చే శుక్రవారం మీ మీ మసీదు కమిటీలను కలవండి. జుమా ప్రసంగంలో కనీసం కొంతభాగమైనా తెలుగులో ఉండాలని, పేద ధనిక తేడా లేక, జమాత్, బిరాదరీ తేడా లేక ఎవరైనా మొదటి సఫ్‌లో నిలబడవచ్చునని గోడపై ఒక కాగితం అంటించమని కోరండి. ఈసా (అ) కోరిన ఆరాధన ఎక్కడుందో వెదకటానికి అది మంచి ఆరంభమవుతుంది.

అల్లాహ్ మన ఆరాధనలలోని ప్రదర్శనను తొలగించుగాక, పొరుగువారి ప్రార్థనకు మనల్ని రక్షకులుగా నిలుపుగాక. ఆమీన్.